నకలే గానీ నకిలీ కాదు

"ఈ ఎండల్లో మీకీ తోలు కోటేవిటి సార్?" అని నన్నడగని విద్యార్థి మా డిపార్టుమెంటులో లేడు. ధైర్యమున్నవాళ్ళు ఎదురుగా అడుగుతారు, లేనివాళ్ళు వెనకాల అనుకుంటారు. సావనీరు సంపాదకవర్గం వారు "మీకు నచ్చిన విషయం ఏదైనా రాయండి, పాఠం మాత్రం వద్దు" అని షరతు పెట్టారు గనక, ఆ ప్రశ్నకి అందరికీ కలిపి ఒక్కసారే జవాబు చెప్పేస్తే నాకూ శ్రమ తగ్గుతుందని ఇది రాస్తున్నాను.

నా సరదా ఇది. రెండో ప్రపంచయుద్ధం నాడూ, జెట్ విమానాలు వచ్చిన తొలిరోజుల్లోనూ అమెరికా వైమానికులు తొడుక్కున్న కోట్లని ఇవాళ కొందరు కుట్టుకి కుట్టు, జిప్పుకి జిప్పు సరిపోయేట్టు మళ్ళీ తయారుచేస్తున్నారు. అలాంటివి సేకరించి, పెట్టెలో దాచకుండా తొడుక్కుంటాను. ఇంగ్లీషులో వీటిని ఫ్లయిట్ జాకెట్లంటారు. మన ఇళ్ళల్లో జాకెట్టంటే రవిక. "నా జాకెట్టు ఎక్కడ పెట్టారు?" అని కేకేసి నవ్వులపాలు కావటం ఇష్టం లేక నేను కోటనే అంటాను. నా దగ్గర నాలుగున్నాయి. చెప్పుకోదగ్గ సేకరణేమీ కాదు. నలభై, యాభై పోగేసినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు.

"అయితే అవి అసలువి కావన్నమాట, డూప్లికేట్లు" అని ఒక మిత్రుడు పెదవి విరిచాడు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. మన భాషలో రెండు మాటలున్నాయి, దగ్గరి చుట్టాల్లాంటివి. నకలు, నకిలీ. సబ్-రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి మీ తాతగారి దస్తావేజుకి నకలు తీసుకుంటారు. దానిమీద ముద్ర ఉంటుంది, సంతకం ఉంటుంది, ఇది నకలు అని రాసి మరీ ఉంటుంది. దాన్ని ఎవరూ అవమానకరంగా చూడరు, బ్యాంకువాడు కూడా కళ్ళకద్దుకుంటాడు. నకిలీ దస్తావేజు సంగతి వేరు. అది తానే అసలునని చెప్పుకుంటుంది. నా కోట్లు మొదటి రకం. లోపల ఎక్కడో ఒకచోట తయారుచేసినవాడి పేరుంటుంది, నేనూ అడిగినవాళ్ళకి నకలనే చెబుతాను. రెండోరకం వ్యాపారమూ ఉంది. కొత్త కోటుని గరుక్కాగితంతో రుద్ది, జేబు చింపి, మరకలు పెట్టి, ఇది ఫలానా యుద్ధం నాటిదని అమ్మేవాళ్ళున్నారు. అసలైన మంచి కోటు వేల డాలర్లు పలుకుతుంటే ఆశ పుట్టకుండా ఉంటుందా?

అసలువే ఎందుకు తొడుక్కోకూడదంటే, అవి చచ్చిపోతున్నాయి గనక. ఎనభై ఏళ్ళు దాటిన తోలు మోచేతి దగ్గర మడత పడితే పిగులుతుంది, భుజం దగ్గర కుట్టు తోలునే కోసుకుంటూ వస్తుంది. ఒక్క చలికాలం తొడిగితే ఒక చరిత్ర పత్రాన్ని చింపి పారేసినట్టే. అసలుది దాచాలి, నకలు తొడగాలి. ఈ మాటమీద నాతో వాదించే సేకరణదారులున్నారు. "తొడగని కోటు ప్రాణంలేని కోటు" అంటారు వాళ్ళు. కావచ్చు. మరి చిరిగిన కోటుకి మాత్రం ప్రాణమెక్కడుంది?

ఇక కోటులో అంత చూడవలసిందేముందంటారా? ఏ-2 అనే దాన్ని తీసుకోండి. 1931లో అమెరికా సైన్యపు వైమానిక విభాగం దీన్ని ఆమోదించింది. దానికి ముందున్న 1927 నాటి ఏ-1కి ముందు గుండీలుండేవి, మెడపట్టీ ఉన్ని అల్లిక. ఏ-2కి జిప్పు వచ్చింది, తోలు కాలరు వచ్చింది. ఆ కాలరు గాలికి లేచి మొహాన కొట్టకుండా దాని కింద కనపడకుండా నొక్కుడు గుండీలు పెట్టారు. నడుము దగ్గరా మణికట్టు దగ్గరా గాలి చొరకుండా అల్లిక. కూచున్నవాడికి అడ్డురాకుండా పొడుగు నడుం దాకానే. తోలు ఎక్కువభాగం గుర్రానిది, కొన్నిటికి మేకది. ఇంతకీ తమాషా ఏమిటంటే అమెరికా సైన్యం లెక్కల్లో ఇది "వేసవి" కోటు. పాపం, వాళ్ళు మన మే నెల చూడలేదు.

వాళ్ళ చలికాలపు కోటు బి-3. 1934లో వచ్చింది, బొచ్చు లోపలికి ఉండేట్టు గొర్రె చర్మంతో కుట్టినది. బి-17 వంటి బాంబర్లు పాతికవేల అడుగుల ఎత్తున ఎగిరేవి. లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు, పక్కన తుపాకీ పట్టుకుని నిలబడేవాడి కిటికీ బార్లా తెరిచే ఉండేది. సున్నాకి దిగువన 40 డిగ్రీల చలి. శత్రువు గుండు తగలకపోయినా చలికే వేళ్ళు పోగొట్టుకున్న కుర్రాళ్ళు లెక్కకు మించి ఉన్నారు. చివరికి కరెంటుతో వేడెక్కే దుస్తులు ఇవ్వవలసి వచ్చింది. సినిమా పోస్టరులో ఎంతో దర్జాగా కనిపించే ఆ బొచ్చు కాలరు వెనక కథ ఇదీ.

1943లో జనరల్ హెన్రీ ఆర్నాల్డ్ తోలు కోట్లకి కొత్త కాంట్రాక్టులు ఆపించి, గుడ్డ కోట్లవైపు మళ్ళించాడు. తర్వాత జెట్ విమానాలొచ్చాయి. వానకో చెమటకో తడిసిన తోలు అంత ఎత్తుకి వెళ్ళేసరికి గడ్డకట్టి బిగుసుకుపోయేది. అందుకని 1950ల్లో నైలానుతో ఎం.ఏ.-1 స్థిరపడింది. (ఎం.ఏ. ఫస్టియరు వాళ్ళు ఉలిక్కిపడనక్కర్లేదు, మీకూ దానికీ సంబంధం లేదు.) పారాచూటు పట్టీలకి అడ్డమని బొచ్చు కాలరు పోయి అల్లిక మెడ వచ్చింది. 1960 ప్రాంతంలో లోపలి గుడ్డకి నారింజ రంగు వేశారు. విమానం కూలి ఎక్కడో పడితే, కోటు తిరగేసి తొడుక్కుంటే వెతికేవాళ్ళకి దూరాన్నుంచి కనబడాలని. రొమ్ముమీద ఒక చిన్న నాలుక ఉంటుంది, ఆక్సిజన్ గొట్టాన్ని దానికి తగిలించేవారు. ఇవాళ మన ఊరి ఫుట్‌పాత్ మీద పాలియెస్టరుతో కుట్టి అమ్మే కోట్లకి కూడా కొన్నిటికి ఆ నాలుక ఉంటుంది. అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. నాకు తెలుసు గదా అని చిన్న గర్వం. మాస్టరు ఉద్యోగం చేసేవాడికి ఇంతకంటే సుఖం లేదు.

నకళ్ళు తయారుచేసేవాళ్ళ ఓపిక మాత్రం వర్ణించలేను. యుద్ధకాలంలో ఏ-2ని ఒక్క కంపెనీ కుట్టలేదు. రఫ్ వేర్, ఏరో, డూబౌ, పెర్రీ... ఇలా చాలామంది కాంట్రాక్టర్లు కుట్టారు. నమూనా ఒకటే అయినా ఒక్కొక్కరి కాలరు మొన ఒక్కో తీరు, జేబు మూత ఒక్కో వంపు. ఇంగ్లండులో ఈస్ట్‌మన్, అమెరికాలో గుడ్ వేర్, జపానులో రియల్ మెకాయ్స్, బజ్ రిక్సన్స్ వంటివాళ్ళు అసలు కోట్లని కొలిచి ఆ తేడాల్ని కూడా దించుతారు. మన వ్రాతప్రతుల పరిష్కర్తలు పాఠాంతరాలు చూపినట్టు!

అన్నట్టు నకలు గురించి ఇంకో చిత్రం. విలియం గిబ్సన్ అనే రచయిత 2003లో వచ్చిన "పాటర్న్ రికగ్నిషన్" నవలలో కథానాయికకి బజ్ రిక్సన్స్ వారి నల్లరంగు ఎం.ఏ.-1 తొడిగాడు. ఆ కంపెనీ అప్పటికి నల్లనిది చెయ్యనేలేదు. పాఠకులు ఎగబడి అడగటంతో తర్వాత చేసింది. అంటే అసలు లేనిదానికి నకలు! మాయావాదం చెప్పే ఫిలాసఫీ వారు దీన్ని ఉదాహరణగా వాడుకోవచ్చు.

ఆ బజ్ రిక్సన్ ఎవడనుకున్నారు? 1962 నాటి "ది వార్ లవర్" సినిమాలో స్టీవ్ మెక్వీన్ వేసిన బాంబరు పైలటు పాత్ర. యుద్ధమంటే మోజున్నవాడు. ఆ పేరుని 1993లో తమ సరుక్కి పెట్టుకున్నది ఒక జపాను కంపెనీ. నేను పరిశోధన నిమిత్తం రెండేళ్ళు కోబేలో ఉన్నప్పుడు ఈ సంగతి తెలిసి నివ్వెరపోయాను. 1945 మార్చిలో ఒక్క రాత్రి టోక్యోమీద అమెరికా బాంబర్లు నిప్పులు కురిపిస్తే సుమారు లక్షమంది చచ్చిపోయారు. కోబే కాలింది. ఆ తర్వాత అణుబాంబులు. ఆ నిప్పు పోసినవాళ్ళ కోట్లనే, వాళ్ళ మనవల తరం కూచుని ఇంత శ్రద్ధగా కుడుతోందేమిటి? బజ్ రిక్సన్స్ నడిపే సంస్థ మూలాల్లోకి వెళితే, యుద్ధం ముగిశాక అమెరికా సిపాయిలకి డ్రాగన్లూ పులులూ కుట్టిన పట్టు కోట్లు జ్ఞాపికలుగా అమ్మిన వ్యాపారమే కనిపిస్తుంది. ఓడినవాడు గెలిచినవాడికి బట్టలు కుట్టి బతికాడు, బతికి గెలిచినవాడికంటే బాగా కుట్టటం నేర్చాడు. దీన్ని లొంగుబాటంటారా, గెలుపంటారా అని నన్నడిగితే రెండూ కాదు, పనితనం అంటాను.

కోబే నుంచి రైల్లో గంటలోపే హిమేజీ. తెల్లకొంగలాంటి కోట ఉన్న ఊరు. 1945 జూలైలో ఊరు కాలిపోయినా కోట మిగిలింది. మంచి గుర్రం తోలు ఊనే షింకి అనే కార్ఖానా ఉన్నది ఆ హిమేజీలోనే. చెట్ల చెక్కలో ఉండే కషాయంతో నిదానంగా ఊనిన తోలు అది. నేను రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి గనక ఒక్కమాట. పచ్చి చర్మం రెండుమూడు రోజుల్లో కుళ్ళుతుంది. చెక్కలోని టానిన్లు చర్మంలోని కొల్లాజెన్ పోగుల్ని పట్టుకుని ఒకదానితో ఒకటి కట్టివేస్తే, ఇక సూక్ష్మజీవులకి అది తిండి కాదు. కుళ్ళవలసినది వందేళ్ళు నిలుస్తుంది. ఇంత గొప్ప రసాయన ప్రక్రియ మరొకటుందా?

ఈ గొప్ప పని చేసినవాళ్ళని లోకం ఏం చేసిందో కూడా చెప్పాలి. జపానులో తోలుపని బురాకుమిన్ అనే వర్గం నెత్తిన పెట్టి, వాళ్ళని ఊరికి ఎడంగా ఉంచారు. 1871లో చట్టరీత్యా ఆ భేదం రద్దయింది. రద్దయిన తర్వాత కూడా పెళ్ళి సంబంధాలప్పుడూ ఉద్యోగాలప్పుడూ పుట్టిన పేటని ఆరా తీసే అలవాటు తరాల తరబడి సాగింది. హిమేజీ చుట్టుపక్కల తోలు పేటలకీ ఆ చరిత్ర ఉంది.

ఇది చదువుతూంటే మీకు మరో ఊరు గుర్తు రావటం లేదూ? నాకు మా ఊరే గుర్తొచ్చింది. ఊరి చివర మాదిగవాడ, అక్కడ లందలు. తంగేడు చెక్క, కరక్కాయ వేసి నానబెట్టిన నీళ్ళు. దక్షిణాదిలో వందల ఏళ్ళు తోలు ఊనింది ఈ తంగేడుతోనే. బతుకమ్మలో మనం పేర్చే పువ్వు ఆ చెట్టుదే. ఆ తోలు "ఈస్టిండియా" సరుకుగా మద్రాసు రేవు నుంచి ఇంగ్లండు వెళ్ళేది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైనికుల బూట్ల పైతోలుకి అదెంతో వెళ్ళింది. అంటే తోలు ఊనిన మనిషిని ఊరు ముట్టుకోలేదు, ఆయన ఊనిన తోలుని సామ్రాజ్యం కాళ్ళకి తొడుక్కుంది.

తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు రైతు కుటుంబం నుంచి వచ్చి తోలునే శాస్త్రంగా ఎంచుకున్నారు. 1948లో అడయారులో పెట్టిన కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థకి డైరెక్టరై దానికి ప్రపంచంలో పేరు తెచ్చారు. 1985లో కనిష్క విమానం పేలుడులో పోయారు. నాకు తెలిసి మన సైన్సు విద్యార్థుల్లో సగంమందికి ఆయన పేరు తెలియదు. నా కోటు తాకి "అబ్బ, ఏం తోలు సార్!" అన్న కుర్రాడే, లంద అనే మాట వినగానే ముక్కు మూసుకున్నాడు. లక్ష రూపాయలకి అటూఇటూ పెట్టి జపాను తోలు కొనుక్కోవటం అభిరుచీ, పక్కవీధిలో చెప్పులు కుట్టే ఆయన్ని ఏకవచనంలో పిలవటం అలవాటూ ఎట్లా అవుతాయో ఆ కుర్రాణ్ణే అడిగాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. నేను నవ్వలేదు.

కోటు తొడగటం యుద్ధాన్ని పూజించటం కాదా అని మా చరిత్ర శాఖలోని మిత్రుడి ఆక్షేపణ. ఇది తేలిగ్గా తోసేసేది కాదు. ఏ-2 కోట్ల వీపుమీద ఆ రోజుల్లో బొమ్మలు వేయించుకునేవారు. విమానం పేరు, ఒక అమ్మాయి బొమ్మ, వరసగా చిన్నచిన్న బాంబులు. ఒక్కో బాంబు ఒక్కో దాడికి గుర్తు. పందొమ్మిది, ఇరవయ్యేళ్ళ కుర్రాడు, రేపు బతికుంటాడో లేడో తెలియనివాడు, ఇంకోసారి ప్రాణాలతో తిరిగొచ్చానని ఒక బాంబు గీయించుకున్నాడు. వాడి దృష్టిలో అది ఆయుష్షు లెక్క. కింద ఉన్నవాళ్ళ దృష్టిలో అది కాలిన ఒక ఊరు. ఆ రెండు అర్థాలూ మోసే హక్కు వాడికుంది, వాడు అక్కడికి వెళ్ళాడు గనక. ఏసీ గదిలో కూచుని ఆన్‌లైనులో డబ్బుకట్టి ముప్ఫై బాంబులు గీయించుకునే మనకి ఎక్కడిది?

అందుకని నా మట్టుకు నాకో నియమం. కోటు సరే. బిళ్ళలు వద్దు, దళాల గుర్తులు వద్దు, రెక్కల ముద్ర వద్దు, వీపుమీద బొమ్మలు వద్దు. రొమ్ముమీద తోలుముక్కపై పేరు వేయించే ఆచారముంది. కొందరు నిజంగా చచ్చిపోయిన వైమానికుడి పేరు వేయించుకుంటారు, అది నివాళి అంటారు. నాకది మరొకరి శ్రాద్ధానికి మనం కర్త పీట మీద కూచున్నట్టుంటుంది. నకలుకీ నకిలీకీ మధ్య గీత సరిగ్గా అక్కడే ఉంది. కోటు వస్తువు, దాన్ని నకలు చెయ్యచ్చు. పేరు, గుర్తు, లెక్క ఇవి ఒక మనిషి చేసిన పనికి సాక్ష్యాలు, వాటికి నకలుండదు. మన చట్టమూ కొంతవరకు ఈ మాటే అంటుంది. సైనికుడు కానివాడు సైనికుడని నమ్మించే ఉద్దేశంతో మన సైన్యపు దుస్తులో గుర్తులో ధరిస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను కింద మూడు నెలల దాకా శిక్ష పడొచ్చు. నమ్మించే ఉద్దేశం అన్నది ముఖ్యం.

గుర్తులు ఊరికే అలంకారాలు కావనటానికి 1986 నాటి "టాప్ గన్" కోటే సాక్ష్యం. దాని వీపుమీద జపాను, తైవాను జెండాలున్న బిళ్ళ ఉంది. రెండో భాగానికి 2019లో విడుదలైన ట్రైలరులో ఆ జెండాలు మాయమయ్యేసరికి, చైనాకి భయపడి తీసేశారని పెద్ద గొడవైంది. 2022లో సినిమా వచ్చేసరికి మళ్ళీ ప్రత్యక్షం. మూరెడు గుడ్డముక్క కోసం అంత రభస. ఇక 1941-42లో చైనా తరఫున పోరాడిన "ఫ్లయింగ్ టైగర్స్" వీపున చైనా భాషలో ఒక విన్నపం ఉండేది. ఈ విదేశీయుడు మీకు సాయంగా వచ్చాడు, కాపాడండి అని దాని భావం. కూలిన విమానంలోంచి బయటపడ్డవాడికి అది ప్రాణం. దాన్ని తగిలించుకుని కాఫీ హోటల్లో కూచున్నవాణ్ణి మనం దేన్నుంచి కాపాడాలి, బిల్లునుంచా?

ఒక గుర్తు మాత్రం చూసినప్పుడల్లా నా మనసు పీకుతుంది. 1942లో జపాను బర్మా దారి మూసేశాక, అస్సాం నుంచి హిమాలయాల తూర్పు కొసమీదుగా చైనాలోని కున్‌మింగ్‌కి విమానాల్లో సరుకు చేరవేశారు. ఆ దారిలో కూలిన విమానాలు వందలు. ఆ రంగంలో పనిచేసిన అమెరికన్ల భుజాన ఒక డాలు గుర్తు. ఎరుపు తెలుపు చారలు, పైన ఒకపక్క చైనా సూర్యుడు, ఇంకోపక్క భారత నక్షత్రం. వాటిల్లో చాలా భాగం కలకత్తా వంటి ఊళ్ళలోని మన దర్జీలూ తోలు పనివాళ్ళూ చేత్తో కోసి, చేత్తో కుట్టి ఇచ్చినవి. వేలంపాటల్లో వాటికి ఇప్పుడు మంచి గిరాకీ. "భారతదేశంలో తయారు" అని మాత్రం రాస్తారు. కాంట్రాక్టరు ఎవరు, జిప్పు ఎవరిది, ఏ సంవత్సరం, ఎన్నో నంబరు అని అమెరికా కోటు పుట్టుపూర్వోత్తరాలన్నీ దొరుకుతాయి. ఆ డాలు కుట్టిన మనిషి పేరు ఒక్కటీ దొరకదు. చరిత్ర శాఖలో పిహెచ్.డి. విషయాలు దొరకటం లేదని వాపోయేవాళ్ళు ఇటు చూడవచ్చు.

విద్యార్థులకి ఈ కోట్లు కొనుక్కోమని నేను చెప్పను. ఒక సంవత్సరం హాస్టలు ఖర్చంతా ఒక కోటుకి పోతుంది, పైగా మన వాతావరణంలో ఏడాదికి ఇరవై రోజులు తొడిగితే గొప్ప. డిసెంబరులో అరకు వెళితే తప్ప నా బి-3 బీరువా దిగదు. చూడాలనుంటే మా గదికి రండి, తొడుక్కుని చూడండి కూడా. బిళ్ళ అంటించనని మాటిస్తే ఒకపూట అరువు కూడా ఇస్తాను.

పాత విద్యార్థులకి మాత్రం ఒక మనవి. మీలో కొందరి ఇళ్ళల్లో తాతగారో మామగారో వైమానిక దళంలో పనిచేసి ఉంటారు. దుండిగల్లు అకాడమీ 1971 నుంచి మన పక్కనే ఉంది గదా. అటకమీద పాత తోలు కోటో, విమానం నడిపేటప్పటి చేతి తొడుగులో ఉంటే దయచేసి వాటిని తొడగకండి, డ్రైక్లీనింగుకి ఇవ్వకండి, మెరవాలని కొబ్బరినూనె రాయకండి. ప్లాస్టిక్ సంచీలో కట్టిపెడితే మన చెమ్మకి బూజు పడుతుంది. ఇనుప తీగ హాంగరుకి కాకుండా, గుడ్డ చుట్టిన లావుపాటి హాంగరుకి తగిలించి, ఎండ పడనిచోట గాలి ఆడేట్టు ఉంచండి. లోపల లేబులు చెరగకముందే ఫోటో తీయండి. అది తొడిగినాయన ఇంకా మనమధ్య ఉంటే ఎక్కడ, ఎప్పుడు, ఏ విమానంలో అని అడిగి రాసిపెట్టుకోండి. ఆ కాగితానికి ఒక నకలు నాకు పంపితే సంతోషిస్తాను.